ఏడాది పుస్తకం: ఉత్తరాంధ్ర వైపు నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అందరూ ‘ఇంటర్నేషనల్ లైసెన్సు’ అనే కాగితం అసలు లైసెన్సే కాదు. దాని సరైన పేరు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, పొట్టిగా ఐడీపీ. మనిషికి బండి నడపడం వచ్చో రాదో అది కొత్తగా తేల్చదు. దానికోసం ట్రాక్ మీద ఎనిమిది వేయనక్కర్లేదు, బ్రేకిన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చోడు. జేబులో ఇప్పటికే ఉన్న భారతీయ లైసెన్సులోని వివరాలను పరాయి దేశపు పోలీసు చదువుకోగల భాషల్లోకి, అతనికి అలవాటైన అచ్చులోకి మార్చి, ఇవి నిజమేనని ప్రభుత్వం పూచీ పడే చిన్న పుస్తకం అది. అసలు లైసెన్సు పక్కన లేకపోతే దానికి విలువ లేదు. అసలు లైసెన్సు గడువు తీరితే దీని గడువూ తీరినట్టే. ఇచ్చిన దేశంలో అది చెల్లనే చెల్లదు. దీన్ని లైసెన్సు అనడం, సంబంధం మాట్లాడటానికి పట్టుకెళ్ళిన సిఫారసు ఉత్తరాన్ని శుభలేఖ అనడం లాంటిది. పేరులోని ఈ తికమక మాటలతోనే పోయేదైతే పట్టించుకోనక్కర్లేదు. కానీ ఉద్దానం నుంచో చీపురుపల్లి నుంచో దేశం దాటేవాళ్ళలో చూసిరావడానికి వెళ్ళేవాళ్ళకంటే పనికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఈ పుస్తకాన్ని లోకం తయారు చేసుకున్నది చూసిరావడానికి వెళ్ళేవాళ్ళ కోసం. ఏ దేశంలో చెల్లుతుంది అని అందరూ అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది, ఆ దేశంలో నువ్వెవరివి అని. ఐడీపీ నడక మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఇంటి సంగతి చూస్తే బయటి సంగతి సులువుగా అర్థమవుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం దేశంలో ఎక్కడ ఇచ్చిన లైసెన్సయినా దేశమంతటా చెల్లుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టే డ్రైవరు తన కోసం కొత్త కాగితం ఏదీ తీసుకోడు. సాలూరు లారీల ఊరు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నా, ఆ పేరు విజయనగరం జిల్లాలో ఉన్నప్పుడే వచ్చింది. అక్కడి డ్రైవరు కొరాపుట్ ఘాట్ ఎక్కి రాయపూర్ దాకా వెళ్ళినా అతని లైసెన్సును ఎవరూ పరాయిది అనరు. అతను నడిపే లారీకి మాత్రం నేషనల్ పర్మిట్ ఉండాలి, పన్ను కట్టిన కాగితాలు ఉండాలి. మనిషి కాగితం వేరు, బండి కాగితం వేరు. ఈ తేడా అంతర్జాతీయంగానూ ఇలాగే ఉంటుంది. ఐడీపీ మనిషిది. బండిని కూడా దేశం దాటించాలంటే కస్టమ్స్ పూచీగా ఆటోమొబైల్ అసోసియేషన్లు ఇచ్చే కార్నే అనే మరో కాగితం కావాలి, బండి వెనక ఐఎన్‌డీ అనే గుర్తు అంటించాలి. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, చాలామంది ఉన్నారు. నడుమ వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం ఉన్నా సొంత ఊరి లైసెన్సుతోనే అక్కడ ఆటో నడపొచ్చు. దూరం అడ్డు కాదు, అడ్డయ్యేది సరిహద్దు. ఆ సరిహద్దు కూడా ఎప్పుడూ ఒకేచోట లేదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళి రేవులో మూటలు మోసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు కాగితాల లెక్కన పరదేశం వెళ్ళలేదు. అలా వెళ్ళినవాళ్ళ మనవలు ఇప్పుడు సౌదీ వెళితే ప్రతి కాగితానికీ ఒక షరతు ఉంటుంది.

మోటారు కారు పుట్టిన కొద్ది ఏళ్ళకే ఐరోపాలో ఈ షరతుల తలనొప్పి మొదలైంది. ఒక దేశం నుంచి మరో దేశానికి కారులో షికారు వెళ్ళే సంపన్నులను ప్రతి సరిహద్దులోనూ ఆపి పరీక్ష పెట్టడం కుదిరే పని కాదు. 1909 అక్టోబరులో పారిస్‌లో కుదిరిన ఒప్పందం కారుకూ డ్రైవరుకూ కలిపి ఏడాది చెల్లే ఒక అంతర్జాతీయ పత్రాన్ని తెచ్చింది. 1926లో మళ్ళీ పారిస్‌లోనే బండి పత్రాన్ని, డ్రైవరు పత్రాన్ని విడదీశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి పూనికతో 1949 సెప్టెంబరు 19న జెనీవాలో కుదిరిన రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం 1952లో అమల్లోకి వచ్చింది. భారతదేశం దానికి 1962లో కట్టుబడింది. 1968 నవంబరులో వియన్నాలో ఇంకొక ఒప్పందం పుట్టి 1977లో అమలైంది. భారతదేశం అందులో చేరలేదు. ఈనాటికీ జెనీవా ఒప్పందంలో సుమారు 100 దేశాలు, వియన్నా ఒప్పందంలో 80కి పైగా దేశాలు ఉన్నాయి. రెండింటిలోనూ ఉన్నవీ, ఒక్కదానిలోనే ఉన్నవీ, మెయిన్‌ల్యాండ్ చైనాలా ఐడీపీని గుర్తించనివీ ఉన్నాయి. జెనీవా పుస్తకం గడువు ఇచ్చిన రోజు నుంచి ఒక ఏడాది. వియన్నా పుస్తకాన్ని మూడేళ్ళ దాకా ఇవ్వొచ్చు. శ్రీకాకుళంలో ఇచ్చేది జెనీవా పుస్తకం, అందుకే అది ఏడాది పుస్తకం.

ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే దాని పుట్టుక తెలిసిపోతుంది. జెనీవా ఒప్పందం పదో అనుబంధం దాని కొలతలు కూడా చెబుతుంది. 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 పొడవు, బూడిదరంగు అట్ట, లోపల తెల్ల కాగితాలు. మొదటి పేజీలు దేశపు సొంత భాషలో ఉండాలి. చివరి పేజీ ఫ్రెంచిలోనే ఉండాలి. అప్పట్లో దౌత్యభాష అదే మరి. నడుమ పేజీల్లో ఆ చివరి పేజీ వివరాలే ఐక్యరాజ్యసమితి అధికార భాషల్లో మళ్ళీ వస్తాయి. వివరాలు అయిదు: ఇంటిపేరు, ఇతర పేర్లు, పుట్టిన చోటు, పుట్టిన తేదీ, స్థిర నివాసం. కింద సన్నక్షరాలతో మూడు వెసులుబాట్లు ఉన్నాయి. ఇతర పేర్ల దగ్గర తండ్రి పేరో భర్త పేరో వేసుకోవచ్చు. పుట్టిన చోటు తెలిస్తేనే రాయాలి. పుట్టిన తేదీ తెలియకపోతే సుమారు వయస్సు రాసినా సరిపోతుంది. 1949లో ఆ గదిలో కూర్చున్నవాళ్ళకు అన్ని ఊళ్ళలోనూ జనన పత్రాలు ఉండవని తెలుసు. ఆ ఎరుక ఇప్పుడున్న ఎన్నో కంప్యూటరు ఫారాలకు లేదు. తెలుగువాళ్ళ చిక్కు మాత్రం మొదటి గడిలోనే మొదలవుతుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. లైసెన్సు మీద అది చాలాసార్లు ఒకటి రెండు పొడి అక్షరాలుగా మిగిలిపోతుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి వస్తుంది. కారు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర గుమాస్తా మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు. పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకునేముందే లైసెన్సులోని పేరును పాస్‌పోర్టుకు సరిపోయేలా దిద్దించుకోవడం అందుకే మంచిది.

ఆ పుస్తకం మొదట్లోనే, ఎవరూ చదవని చోట, ఒక వాక్యం ఉంది. ఈ పర్మిట్ చేతిలో ఉన్నంతమాత్రాన, వెళ్ళిన దేశంలో నివాసానికీ వృత్తికీ సంబంధించిన చట్టాల నుంచి ఎవరికీ మినహాయింపు రాదన్నది దాని తాత్పర్యం. నివాసం, వృత్తి అన్న ఆ రెండు మాటలు ఉత్తరాంధ్ర వలసకు నేరుగా తగులుతాయి. ఒప్పందం మొదటి అధికరణంలోనూ ఇదే ధోరణి ఉంది. ఏడాదికి మించి ఆగకుండా దేశంలో ఉండిపోయిన డ్రైవరుకు ఈ సౌకర్యం ఇవ్వనక్కర్లేదని అది చెబుతుంది. వియన్నా ఒప్పందం ఇంకా ముక్కుసూటిగా, నివాసం మా దేశానికి మార్చుకున్నవాడి లైసెన్సును మేం గుర్తించనక్కర్లేదు అంటుంది. సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల నుంచి గల్ఫ్‌కూ సింగపూరుకూ వెళ్ళేవాళ్ళలో వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డింగ్ పనివాళ్ళు ఎక్కువ. రిఫైనరీ షట్‌డౌన్ పనికని మూడు నెలలకు వెళ్ళేవాళ్ళున్నారు, రెండేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్ళేవాళ్ళున్నారు. క్యాంపు నుంచి సైటుకు కంపెనీ బస్సే తీసుకెళుతుంది కాబట్టి వాళ్ళలో చాలామందికి స్టీరింగ్ పట్టే అవసరమే రాదు. అవసరం వచ్చేది డ్రైవరు వీసా మీద వెళ్ళేవాళ్ళకు, అక్కడికి వెళ్ళాక సూపర్‌వైజరై పికప్ తోలాల్సి వచ్చినవాళ్ళకు. సరిగ్గా ఆ ఇద్దరికే ఈ పుస్తకం పనికిరాదు, ఎందుకంటే వాళ్ళు అక్కడ చూసిపోవడానికి వచ్చినవాళ్ళు కారు.

గల్ఫ్ దేశాలను ఒక్కొక్కటిగా చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. సౌదీ అరేబియా, కువైట్, బహ్రెయిన్, ఖతార్ వియన్నా పక్షాన ఉన్నాయి, మనం జెనీవా పక్షాన ఉన్నాం. ఇద్దరూ వేర్వేరు ఒప్పందాల్లో ఉన్నప్పుడు మన పుస్తకాన్ని గుర్తించాల్సిన ఒప్పంద బాధ్యత అవతలి దేశానికి లేదు. గుర్తిస్తే అది వాళ్ళ సొంత చట్టం చేసిన మర్యాద. సౌదీ ఆ మర్యాద బాగానే చేస్తుంది. విజిట్ వీసా మీద వచ్చినవాళ్ళు అంతర్జాతీయ పర్మిట్‌తోగానీ సొంత దేశపు లైసెన్సుతోగానీ ఏడాది దాకా, లేదా దాని గడువు తీరేదాకా నడపొచ్చు. అదే మనిషి చేతికి ఇకామా, అంటే నివాస కార్డు, వచ్చాక లెక్క మారుతుంది. అప్పుడు సౌదీ లైసెన్సు తీసుకోవాలి. యూఏఈలోనూ ఇంతే. సందర్శకుడిగా ఐడీపీతో కారు అద్దెకు తీసుకున్న మనిషి రెసిడెన్స్ వీసా పడ్డాక ఆ పుస్తకంతో నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే. నేరుగా మార్పిడి చేసుకోవచ్చని యూఏఈ ఒప్పుకున్న దేశాల జాబితాలో భారతదేశం లేదు కాబట్టి డ్రైవింగ్ స్కూల్లో చేరి తరగతులు, పార్కింగ్ పరీక్ష, రోడ్డు పరీక్ష అన్నీ దాటాలి. ఇది డబ్బుతోనూ నెలలతోనూ కూడిన పని. 2023లో దుబాయి ‘గోల్డెన్ ఛాన్స్’ పేరుతో, సొంత దేశపు లైసెన్సు ఉన్నవాళ్ళను తరగతులు లేకుండా నేరుగా ఒక్కసారి పరీక్షకు కూర్చోనిచ్చింది. తప్పితే మళ్ళీ తరగతులే. కువైట్ అయితే ఏళ్ళ తరబడి లైసెన్సుకే డిగ్రీ, 600 దినార్ల జీతం, రెండేళ్ళ నివాసం లాంటి షరతులు పెట్టింది. డ్రైవరు పనికే వచ్చిన హౌస్ డ్రైవర్లకు మాత్రం వీటి నుంచి మినహాయింపు ఇచ్చింది. రోడ్డు మీద రద్దీ తగ్గించడానికని అక్కడి ప్రభుత్వం చెప్పే ఆ షరతుల్లో స్టీరింగ్ నైపుణ్యం ప్రస్తావన ఎంత తక్కువో గమనించాలి. వెల్డరు ఎంత బాగా నడిపినా డిగ్రీ లేదు కాబట్టి అతను అక్కడ డ్రైవరు కాలేడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ఐడీపీతో నెలల తరబడి నడిపినవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, ఎవరూ పట్టుకోలేదు, కాబట్టి ఇదంతా కాగితం వాదన అని. పట్టుకోకపోవడం చెల్లడం కాదన్నది దీనికి జవాబు. ట్రాఫిక్ పోలీసు ఒక్కోసారి చూసీచూడనట్టు వదిలేయొచ్చు. బీమా కంపెనీ అలా వదలదు. ప్రమాదం జరిగిన రోజున అది మొదట అడిగేది, నడిపినవాడికి ఆ దేశపు చట్టం ప్రకారం ఆ బండి నడిపే హక్కు ఉందా అని. లేదని తేలితే నష్టపరిహారం నడిపినవాడి నెత్తిన పడుతుంది. గల్ఫ్‌లో ప్రాణనష్టం జరిగితే అదనంగా జైలు, చనిపోయినవారి కుటుంబానికి కట్టాల్సిన దియా డబ్బు కూడా ఉంటాయి. అప్పు చేసి ఏజెంటుకు కట్టి వెళ్ళిన ఇంటికి ఆ మొత్తం జీవితకాలపు భారం.

మరో అభ్యంతరం చదువుకున్నవాళ్ళ వైపు నుంచి వస్తుంది. మన లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంటుంది కదా, అమెరికా, బ్రిటన్‌లలో ఈ పుస్తకం ఎందుకు? నిజమే, చాలాచోట్ల అక్కర్లేదు. బ్రిటన్‌లో నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు భారతీయ లైసెన్సుతో కారు నడపొచ్చు. ఆ తర్వాత బ్రిటిష్ పరీక్ష రాయాల్సిందే, ఐడీపీ ఆ గడువును ఒక్కరోజు కూడా పొడిగించదు. అమెరికాలో రోడ్డు చట్టం రాష్ట్రాలది. ఒకే దేశంలోకి దిగినా కాలిఫోర్నియాలో నివాసం ఏర్పరచుకున్న 10 రోజుల్లో అక్కడి లైసెన్సు తీసుకోవాలి, టెక్సస్‌లో అయితే 90 రోజులు గడువుంది. కెనడాలోని ఆంటారియో 60 రోజులిస్తుంది. విజయనగరం నుంచి హెచ్-1బీ మీద వెళ్ళిన ఇంజనీరు అక్కడి లైసెన్సు సంపాదించాక కూడా దాని గడువు చాలా రాష్ట్రాల్లో అతని ఐ-94 గడువుతోనే, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం గడువుతోనే, ముగుస్తుంది. అంటే నడపడం వచ్చా రాదా అన్నదానికంటే, ఎన్నాళ్ళు ఉండనిస్తాం అన్నదే అక్కడా లైసెన్సును నడిపిస్తుంది. ఐడీపీ నిజంగా అక్కరకొచ్చేది ఇంగ్లీషు నడవని చోట్ల. జర్మనీ జెనీవా ఒప్పందంలో లేదు, అయినా నివాసం పెట్టిన ఆరు నెలల దాకా విదేశీ లైసెన్సును అనువాదంతోనో ఐడీపీతోనో నడవనిస్తుంది. తర్వాత రాత పరీక్షా, రోడ్డు పరీక్షా తప్పవు. జపాన్‌ది తిరకాసు మర్యాద. అది జెనీవా పుస్తకాన్నే ఒప్పుకుంటుంది, వియన్నా పుస్తకాన్ని ఒప్పుకోదు. అంచేత టోక్యో రోడ్డు మీద, ఐడీపీ విషయానికి మాత్రం, జర్మనీవాడికంటే శ్రీకాకుళంవాడిదే పైచేయి. ఆ పైచేయికీ ఏడాదే గడువు. జపాన్‌లో ఉంటున్న మనిషి గడువు తీరేముందు నాలుగు రోజులు దేశం దాటి కొత్త పుస్తకంతో తిరిగి వస్తే లెక్క మళ్ళీ మొదలవ్వదు. మూడు నెలలు బయట ఉండి రావాలి. ఇలాంటి ఉపాయాలు పన్నేవాళ్ళు ప్రతి దేశం నుంచీ వస్తారని జపాన్ ముందే ఊహించిందన్నమాట.

బయటివాళ్ళు మన పుస్తకాన్ని నమ్మకపోవడానికి వివక్ష ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. పుస్తకంలోని తరగతులకూ మన చట్టంలోని తరగతులకూ పొంతన కుదరదు. జెనీవా ఒప్పందం బళ్ళను ఏ నుంచి ఈ దాకా అయిదు తరగతులు చేసింది. బీ తరగతి అంటే డ్రైవరు కాక ఎనిమిది సీట్లకు మించని కారు, లేదా గరిష్ఠ బరువు 3,500 కిలోలకు మించని సరుకు బండి. మన చట్టంలో లైట్ మోటార్ వెహికల్ అంటే 7,500 కిలోల దాకా వెళుతుంది. ఆ లైసెన్సు ఉన్నవాళ్ళు అదే బరువులోని రవాణా వాహనాలను ప్రత్యేక అనుమతి లేకుండా నడపొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిచెప్పింది కూడా. ఈ తీర్పు చిన్న డ్రైవర్లకు, వాళ్ళ ప్రమాదాల బాధితులకు మేలు చేసింది. అయితే సరిహద్దు దాటగానే అది చెల్లని నాణెం. విజయనగరం నుంచి అరకుకు పన్నెండు మంది కూర్చునే టెంపో నడిపే కుర్రాడు ఇక్కడ లైట్ మోటార్ లైసెన్సుతో చట్టబద్ధంగా నడుపుతాడు. ఒప్పందం భాషలో అదే బండి డీ తరగతి, బస్సుల జాబితా. ఎచ్చెర్ల పారిశ్రామికవాడకు సరుకు దించే ఏడు టన్నుల బండి అక్కడ సీ తరగతి. ఇంకో వింత ఉంది. ఖాళీ బరువు 400 కిలోలకు మించని మూడుచక్రాల బండిని ఒప్పందం మోటారు సైకిళ్ళతో కలిపి ఏ తరగతిలో వేసింది. మన ఆటో చాలావరకు ఆ బరువులోపే ఉంటుంది, ఇక్కడ మాత్రం దాన్ని బైకుతో కలపరు. ఇలా రెండు కొలబద్దలను ఒకే పుస్తకంలో అతికించేటప్పుడు గుమాస్తా ఏ అక్షరం ఎదుట ముద్ర వేశాడన్నదే అవతలి దేశంలో ఆ మనిషి హక్కును నిర్ణయిస్తుంది.

ఆ ముద్ర వేయడంలోనూ చాలాకాలం ఒక్క తీరు లేదు. భారతదేశంలో ఐడీపీ ఇచ్చేది రవాణాశాఖ లైసెన్సింగ్ అధికారి. మోటారు వాహనాల నియమాల్లోని 4ఏ ఫారంలో దరఖాస్తు, చెల్లే లైసెన్సు, పాస్‌పోర్టు, వెయ్యి రూపాయల ఫీజు ఇస్తే పని అవుతుంది. 2021 జనవరిలో కేంద్రం వైద్య ధ్రువపత్రం, ముందే వీసా ఉండాలన్న షరతులను ఎత్తేసింది. దిగాక వీసా ఇచ్చే దేశాలు ఉన్నప్పుడు ముందే వీసా చూపించమనడం అర్థంలేని పని. పుస్తకం గడువు విదేశంలో ఉండగా తీరితే అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది. అసలు లోపాన్ని మాత్రం ప్రభుత్వం 2022 ఆగస్టు 26 ప్రకటనలో తానే ఒప్పుకుంది. ఐడీపీ సైజు, రంగు, అచ్చు రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయని, దానివల్ల పౌరులు విదేశాల్లో ఇబ్బంది పడుతున్నారని చెప్పి, జెనీవా నమూనాకు సరిపోయే ఒకే రూపం, లైసెన్సుతో ముడిపెట్టే క్యూఆర్ కోడ్, వివిధ ఒప్పందాల తరగతులను మన తరగతులతో పోల్చే పట్టిక తెచ్చింది. మిల్లీమీటర్లతో సహా 1949లో చెప్పిన కొలతలను మనం ఖాయంగా పాటించడం మొదలుపెట్టడానికి ఏడు దశాబ్దాలు పట్టిందన్నమాట. ఇక్కడొక చిన్న హెచ్చరిక అవసరం. ఆంధ్రప్రదేశ్ రవాణాశాఖ 2023లో కొంతకాలం ప్లాస్టిక్ కార్డులు మానేసి ఫోన్‌లో లైసెన్సు చూపిస్తే చాలంది. మన చెక్‌పోస్టుకు అది చాలు. ఐడీపీకి తోడుగా అసలు లైసెన్సు చూపమనే పరాయి పోలీసుకు మన యాప్ ఏమిటో తెలియదు, కాబట్టి దేశం దాటేవాళ్ళు కార్డు దగ్గర పెట్టుకోవడమే మంచిది. పదేళ్ళు చెల్లే ‘అంతర్జాతీయ లైసెన్సు’ ఇంటికి పంపుతామంటూ ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్ళ దగ్గర కొన్నది చిత్తుకాగితంతో సమానం. జెనీవా పుస్తకం ఏడాదికి మించదు, వియన్నాది మూడేళ్ళకు మించదు, ఐక్యరాజ్యసమితి తానుగా ఎవరికీ పర్మిట్ అమ్మదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ మోసాల గురించి తన పౌరులనే హెచ్చరించింది.

అలాగైతే భారతదేశం వియన్నా ఒప్పందంలో కూడా చేరితే సరిపోదా అని అడగొచ్చు. చేరితే కొంత లాభం ఉంది. మూడేళ్ళ పుస్తకం వస్తుంది, సౌదీ, జర్మనీలు చూపించే మర్యాద బాధ్యతగా మారుతుంది. పనికి వెళ్ళేవాళ్ళ చిక్కు మాత్రం అక్కడే ఉంటుంది. నివాసం మార్చుకున్నవాణ్ణి గుర్తించనక్కర్లేదని ఆ ఒప్పందమే రాసిపెట్టుకుంది కదా. వలస కార్మికుడికి కావాల్సింది ఒప్పందం కాదు, లైసెన్సును నేరుగా మార్చుకునే వీలు. అది దేశాలు రెండ్రెండుగా మాట్లాడుకుని పెట్టుకునే జాబితాల పని. ఆ జాబితాల్లో చోటు నమ్మకం మీద నడుస్తుంది, ఆ నమ్మకంలో రాజకీయం, సంపద కలిసి ఉంటాయనడంలో సందేహం లేదు. యూఏఈ జాబితాలో ఉన్న ప్రతి దేశపు డ్రైవరూ సాలూరు ఘాట్ డ్రైవరుకంటే నేర్పరి అని ఎవరూ నిరూపించలేరు. అయినా మన వైపు తప్పు లేదనలేం. ట్రాక్ ముఖం చూడకుండా ఏజెంటు చేతి మీదుగా లైసెన్సు వచ్చే అలవాటు ఈ దేశంలో ఎంత పాతదో అందరికీ తెలుసు. 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాలు, సెన్సర్లతో నడిచే పరీక్షా ట్రాకులు ఆ అలవాటును నిజంగా తగ్గిస్తే, మార్పిడి గురించి మాట్లాడటానికి మనకో ఆధారం దొరుకుతుంది. ఎడమ పక్కన నడిపినవాడు కుడి పక్కకు మారడానికి కొంత శిక్షణ అడగడం కూడా అన్యాయం కాదు. అన్యాయం ఎక్కడంటే, ఇరవై ఏళ్ళు హెవీ నడిపినవాడి చేత అక్షరాభ్యాసం దగ్గర్నుంచి డబ్బు కట్టించి మళ్ళీ నేర్పించడంలో.

ఈ లెక్క రెండో వైపు నుంచి ఎలా ఉందో మన మోటారు వాహనాల చట్టం తొమ్మిదో సెక్షన్‌లో కనిపిస్తుంది. వేరే దేశపు అధికారి ఇచ్చిన లైసెన్సు చేతిలో ఉన్నవాడు అదే తరగతి బండికి భారతీయ లైసెన్సు అడిగితే, వైద్య అర్హత ఉంటే చాలు, పరీక్ష అక్కర్లేదని అది చెబుతుంది. ఏ దేశం, ఏ జాబితా అని అడగదు. కంచిలి నుంచి హౌస్ డ్రైవరుగా వెళ్ళి, కువైట్‌లో పరీక్ష రాసి అక్కడి లైసెన్సుతో పదేళ్ళు నడిపి ఇంటికి తిరిగొచ్చిన మనిషి ఆ కార్డును శ్రీకాకుళం రవాణాశాఖ కార్యాలయంలో చూపి, అదే తరగతికి ట్రాక్ ఎక్కకుండా ఇక్కడి లైసెన్సు అడగొచ్చు. వెళ్ళేటప్పుడు అతను చూపించిన ఇక్కడి కార్డుకు అక్కడ దక్కని మన్నన, తిరిగొచ్చేటప్పుడు అక్కడి కార్డుకు ఇక్కడ దక్కుతుంది.